మందుల శీతలాగారములు: పునఃపరీక్ష ఎందులకు, ఎప్పుడు, ఎట్లు?

మనుష్యుల ప్రాణములను కాపాడు మందులలో కొన్ని వేడిమి తగిలినచో చెడును. కొన్ని గడ్డకట్టినచో చెడును. టీకామందులలో పెక్కింటికి ఈ రెండు భయములును కలవు. ఇంటిలో పాలు విరిగినచో కంటికి కనబడును; అన్నము పాసినచో వాసన తెలుపును. శక్తి నశించిన టీకామందు మాత్రము ఏ గుర్తును చూపకపోవచ్చును. సీసా అదే, రంగు అదే, చీటి అదే. దానిని బిడ్డకు ఇచ్చినపుడు బిడ్డ ఏడ్చుటయు, తల్లి ఓదార్చుటయు, కార్డుపై తేది వ్రాయుటయు యథావిధిగానే జరుగును. రోగము వచ్చిన నాడు గాని ఆ బిడ్డకు రక్షణ కలుగలేదని తెలియదు. అప్పటికి ఆ మందు ఏ గిడ్డంగిలో, ఏ అరపై, ఏ రాత్రి చెడిపోయెనో కనుగొనుట దుస్సాధ్యమగును.

కావున మందు చెడినదా యని తరువాత విచారించుటకంటె, చెడకుండ కాపాడు స్థలము నమ్మదగినదా యని ముందుగా పరీక్షించుట మేలు. అట్టి పరీక్షను ఒకసారి జరిపి ఊరకుండక, కాలానుగుణముగా మరల మరల జరుపవలెను. దీనినే పునఃపరీక్ష, లేక పునరర్హతా నిర్ణయము అందురు. ఇది ఇంజనీరులకు మాత్రమే సంబంధించిన విషయమని తోచవచ్చును. కాని టీకాలు వేయించుకొను ప్రతి కుటుంబమునకును, ఇన్సులిన్ వాడు ప్రతి రోగికిని దీనితో సంబంధము కలదు. అందుచే సామాన్య పాఠకులకు బోధపడునట్లు ఈ విషయమును ఇచ్చట వివరించుచున్నాము. ఇందలి డిగ్రీలన్నియు సెల్సియస్ డిగ్రీలు. వాడుకలో వీనినే సెంటిగ్రేడు డిగ్రీలందురు.

పూర్వకథ

వేడిమితో ఈ పోరాటము మన దేశమునకు క్రొత్త కాదు. మశూచి టీకా 1802వ సంవత్సరములో మన దేశమునకు వచ్చినపుడు, దానిని సీసాలలో భద్రముగా తెచ్చుట మిక్కిలి కష్టమయ్యెను. దూరప్రయాణములో ఎండవేడికి దాని శక్తి నశించెడిది. అందుచే ఒకరి చేతికి వేసిన టీకా పొక్కునుండి రసము తీసి, మరియొకరికి వేయుచు, బాగ్దాదు, బస్రాల మీదుగా దానిని బొంబాయికి చేర్చిరి. ఆ యేట జూన్ 14వ తేదిన బొంబాయిలో ఒక చిన్న బాలికకు ఆ టీకా వేయబడెను.

ఇరువదవ శతాబ్దమున, 1950 తరువాతి సంవత్సరములలో, గడ్డకట్టించి ఆరబెట్టిన మశూచి టీకాను విరివిగా తయారుచేయు పద్ధతి కుదిరినది. ఇది వేడిమికి చాలవరకు తట్టుకొనెడిది. మన దేశములో 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది. 1977లో భారతదేశమును, 1980లో ప్రపంచమంతయును మశూచి నుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. ఈ విజయమునకు గల కారణములలో ఎండకు చెడని టీకా యొకటి.

ఇతర టీకాలన్నింటికి అట్టి సౌకర్యము లేదు. నోటి ద్వారా వేయు పోలియో చుక్కలు వేడిమికి అన్నింటికంటె త్వరగా చెడునవి. అయినను ఆ చుక్కలనే గ్రామగ్రామమునకు మోసికొనిపోయి, 2014 మార్చి 27 నాటికి మన దేశము పోలియో రహితమని ధ్రువపత్రము పొందగలిగినది. తయారైన చోటు నుండి బిడ్డ నోటివరకు చల్లదనమును తెగనీయక కాపాడిన ఏర్పాటు వలన ఇది సాధ్యమైనది. ఈ ఏర్పాటునే శీతల శృంఖల, లేక కోల్డ్ చెయిన్ అందురు. మన దేశములో విస్తృత టీకా కార్యక్రమము 1978లోను, సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లోను ప్రారంభమైనవి. కోవిడ్ టీకా కార్యక్రమము 2021 జనవరి 16న ఆరంభమైనపుడు కోట్లకొలది మోతాదులు ఈ శృంఖల గుండనే సాగినవి. ఇందులో గొలుసు కడియములవలె ఒకదానినొకటి అంటియున్నవి శీతలాగారములు. ఏ కడియము బలహీనమైనను గొలుసంతయు బలహీనమే.

ఏ మందునకు ఎంత చల్లదనము?

టీకామందులలో హెచ్చుభాగమును 2 డిగ్రీలకు తగ్గకుండను, 8 డిగ్రీలకు మించకుండను ఉంచవలెను. పోలియో చుక్కలను రాష్ట్ర, జిల్లా గిడ్డంగులలో సున్నకు దిగువ 15 మొదలు 25 డిగ్రీల వరకు గల చలిలో, అనగా డీప్ ఫ్రీజరులలో, నిలువచేయుదురు. వాడని ఇన్సులిన్ సీసాలను, ప్రసవానంతర రక్తస్రావమును అరికట్టు ఆక్సిటోసిన్ సూదిమందును కూడ 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచుట యుక్తము.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగించుకొనవలెను. చల్లదనము ఎంత యెక్కువైన మందునకు అంత మేలని పలువురు తలంతురు. అది సరికాదు. హెపటైటిస్-బి, కంఠసర్పి, ధనుర్వాతము, కోరింతదగ్గు మొదలగు వానికి వేయు టీకాలలో పటికకు సంబంధించిన అల్యూమినియము లవణము చేర్చబడియుండును. సున్నకు కొంచెము దిగువకు పోయి గడ్డకట్టినచో, ఆ లవణకణములు ముద్దలుగా కూడి, టీకా శక్తి నశించును. మరల కరగినను పోయిన శక్తి తిరిగి రాదు. ఇన్సులిన్‌ను కూడ గడ్డకట్టనీయరాదు. కావున శీతలాగారమునకు ఇరువైపుల హద్దు కలదు. ఎండకాలమున వేడిమి యెంత శత్రువో, సరిగా అమరని యంత్రమునుండి వచ్చు అతిశీతలము అంతకు తీసిపోని శత్రువు.

అర్హతా నిర్ణయమనగా నేమి?

బజారులో దుకాణదారుని తూనికరాళ్లపై ప్రభుత్వముద్ర యుండుట మీరెరుగుదురు. ఆ ముద్రకు కాలపరిమితి కలదు. గడువు తీరగానే రాళ్లను మరల తూచి, సరిగా నున్నచో మరల ముద్ర వేయుదురు. దుకాణదారుడు మోసగాడని అనుమానించి ఇట్లు చేయుట లేదు. రాయి అరుగును, తుప్పు పట్టును, పెచ్చు ఊడును. శీతలాగారము విషయమును ఇట్టిదే.

క్రొత్త శీతలాగారమును వాడుకలోనికి తెచ్చుటకు ముందు మూడు మెట్లుగా పరీక్షింతురు. మొదటిది అమరిక పరీక్ష. యంత్రములు ఆజ్ఞాపించిన రకమువేనా, గోడల ఉష్ణనిరోధక పలకలు సందులు లేక అమరినవా, తలుపు రబ్బరుపట్టీ బిగువుగా నున్నదా, విద్యుత్తు సరఫరా, జనరేటరు, స్టెబిలైజరు సక్రమముగా కలుపబడినవా యని చూతురు. రెండవది నడక పరీక్ష. గది ఖాళీగా నుండగా యంత్రమును నడిపి, కోరిన ఉష్ణోగ్రత అన్ని మూలలకు చేరుచున్నదా, హద్దు దాటినపుడు అలారం మ్రోగుచున్నదా, కరెంటు పోగానే జనరేటరు అందుకొనుచున్నదా యని చూతురు. మూడవది భారపరీక్ష. గదిలో సరకు నింపి, నిత్యము జరుగునట్లు తలుపులు తీయుచు మూయుచు, పని నడచునపుడు కూడ చల్లదనము నిలుచుచున్నదా యని చూతురు. ఈ మూడింటను నెగ్గిన గది మందులు నిలువచేయుటకు అర్హమైనదని వ్రాతపూర్వకముగా నిర్ణయింతురు.

ఒకసారి పరీక్షించిన చాలదా?

చాలదు. ఏలయనగా, పరీక్షించిన నాటి గది నేటి గది కాదు. కంప్రెసరు అరగును. చల్లనిగాలిని విసరు ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టును. తలుపు రబ్బరు గట్టిపడి చిట్లును. గోడ పలకలలో తేమ చేరినచో వేడిమిని ఆపు గుణము తగ్గును. థర్మామీటరులు కూడ కాలక్రమమున తప్పు చూపును. ఇవన్నియు ఒక్క దినమున జరుగవు. కొంచెము కొంచెముగా జరుగుటచే నిత్యము చూచువారికి గోచరింపవు.

యంత్రము మారకున్నను వాడుక మారుచుండును. పది పెట్టెలుండవలసిన అరపై పదునైదు పెట్టెలు పేర్చుదురు. గాలి తిరుగుటకు విడిచిన ఖాళీ మూసికొనిపోవును. క్రొత్త టీకాలు కార్యక్రమమున చేరినకొలది గదిపై భారము హెచ్చును. ఒకప్పుడు వారమునకు రెండు మారులు తెరచిన తలుపును ఇప్పుడు దినమునకు ఇరువది మారులు తెరువవలసి వచ్చును.

బయటి వాతావరణమును గమనింపవలెను. రెంటచింతలలోను, రామగుండములోను వేసవి మధ్యాహ్నము వీచు వడగాలికిని, లంబసింగిలో పుష్యమాసపు తెల్లవారుజాము చలికిని ఎంత భేదమున్నదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఇక లడఖు వంటి ప్రాంతములలో శీతకాలమున మందును చల్లబరచుటకంటె గడ్డకట్టనీయక కాపాడుటయే కష్టము. డిసెంబరు మాసములో నెగ్గిన గది మే మాసములో నెగ్గునని చెప్పజాలము. అందుచే మిక్కిలి వేడిగా నుండు ఋతువునందు ఒకమారు, మిక్కిలి చలిగా నుండు ఋతువునందు ఒకమారు పరీక్షింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది.

పునఃపరీక్ష యెప్పుడు జరుపవలెను?

పునఃపరీక్షకు రెండు సందర్భములు కలవు. మొదటిది కాలమును బట్టి. లోపమేమియు కనబడకున్నను నియమిత వ్యవధిలో జరుపవలెను. మూడేండ్లకొకసారి యనునది సాధారణముగా చెప్పబడు గడువు. గది పాతదైనను, నిలువచేయు మందు మిక్కిలి సున్నితమైనదైనను ఈ గడువును తగ్గించుకొనుట మంచిది. రెండవది మార్పును బట్టి. ఈ క్రింది వానిలో ఏది జరిగినను గడువు కొరకు ఎదురుచూడక వెంటనే పరీక్షింపవలెను.

1. కంప్రెసరు, చల్లనిగాలి ఫ్యాను, థర్మోస్టాటు వంటి ముఖ్యభాగములను మార్చినపుడు, లేక యంత్రములోని శీతలవాయువును వేరు రకముతో మార్చినపుడు.
2. అరల అమరికను మార్చినపుడు, గదిని విస్తరించినపుడు, యంత్రమును వేరొక చోటికి తరలించినపుడు.
3. నిలువచేయు సరకు పరిమాణము పూర్వముకంటె చెప్పుకోదగినంత పెరిగినపుడు.
4. వరద, అగ్నిప్రమాదము, పైకప్పు కారుట మొదలగు వానివలన గదికి హాని కలిగినపుడు.
5. బహుకాలము వాడక మూసియుంచిన గదిని మరల తెరచినపుడు.
6. కారణము తెలియకుండ అలారము పలుమారులు మ్రోగినపుడు.

శీతలవాయువు మార్పును గూర్చి ఒక మాట. ఓజోను పొరకు హాని చేయు వాయువుల వాడుకను తగ్గించుటకై 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. దాని ననుసరించి పాతరకపు సి.ఎఫ్.సి. వాయువులు శీతలయంత్రములనుండి క్రమముగా తొలగింపబడినవి. పాత యంత్రములో క్రొత్త వాయువును నింపినచో అది పూర్వమువలెనే చల్లబరచునను నమ్మకము లేదు. యంత్రము పేరు మారలేదు గదా యని పరీక్షను మానరాదు.

ఉష్ణోగ్రతా చిత్రణము

పునఃపరీక్షలో ప్రధానభాగము ఉష్ణోగ్రతా చిత్రణము. ఊరి పటములో మెరకయు పల్లమును గుర్తించినట్లు, గదిలో వేడి యెచ్చట, చలి యెచ్చట యని గుర్తించుటయే ఇది. గోడపై నున్న ఒక్క థర్మామీటరు తానున్న చోటి సంగతిని మాత్రమే చెప్పగలదు. గది అంతయు ఒకే తీరుగా నుండదు. చల్లనిగాలి వెలువడు ఫ్యాను యెదుట అతిశీతలముగా నుండును. తలుపు దగ్గరను, పై అరలయందును వేడిమి హెచ్చుగా నుండును. గాలి తిరుగని మూలలలో ఏ మార్పైనను ఆలస్యముగా చేరును.

దీనికి డేటా లాగరు అను చిన్న యంత్రములను వాడుదురు. ఇవి నియమిత వ్యవధిలో ఉష్ణోగ్రతను తమంతట తామే నమోదు చేసికొనును. ఈ యంత్రములను పరీక్షకు ముందు ప్రామాణిక థర్మామీటరుతో సరిపోల్చి, అర డిగ్రీకి మించిన తేడా చూపనివని నిర్ధారించుకొనవలెను. తప్పు కొలతతో తప్పును పట్టుకొనజాలము. వీనిని గది నాలుగు మూలలయందును, మధ్యభాగమునను, క్రింద, నడుమ, పైన అను మూడు ఎత్తులలోను అమర్చవలెను. తలుపు వద్ద, ఫ్యాను యెదుట, గదిని నడపు థర్మోస్టాటు ప్రక్కన ప్రత్యేకముగా ఒక్కొక్కటి యుంచవలెను. శీతల గదులలో ఒక దినమునుండి మూడు దినముల వరకు నమోదు జరుపుట పరిపాటి. మామూలు ఉష్ణోగ్రతలో మందులుంచు పెద్ద గిడ్డంగులలో పనిదినములును సెలవు దినములును కలసివచ్చునట్లు కనీసము ఏడు దినములు జరుపుదురు. సెలవు దినమున తలుపులు మూసి, ఫ్యానులు ఆపి, కావలివాడొక్కడే యున్నపుడు గిడ్డంగి యెట్లుండునో తెలిసికొనుటయు అవసరమే.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో సున్నితమైన మందుల నిలువ, రవాణాలను గూర్చి మార్గదర్శక సూత్రములను వెలువరించి, 2015లో వానికి సాంకేతిక అనుబంధములను చేర్చినది. ఇచ్చట చెప్పిన విధానము వానికి అనుగుణమైనదే.

ఒక యుదాహరణము

లెక్క తెలియుటకై ఒక యుదాహరణమును కల్పించి చూతము. ఒక జిల్లా గిడ్డంగిలో 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల శీతల గది యున్నదనుకొందము. నాలుగు మూలలు, మధ్యభాగము కలసి అయిదు చోట్లు. ఒక్కొక్క చోట మూడు ఎత్తులు. మొత్తము 15 లాగరులు. తలుపు, ఫ్యాను, థర్మోస్టాటుల వద్ద నుంచునవి 3. వెరసి 18. అయిదు నిమిషముల కొకసారి నమోదు చేసినచో గంటకు 12, మూడు దినములకు 864 కొలతలు వచ్చును. పదునెనిమిది లాగరులకు కలిపి 15,552 కొలతలు.

ఈ మూడు దినములును గోడపై నున్న థర్మామీటరు 4 నుండి 5 డిగ్రీల మధ్యనే చూపినది. రిజిస్టరులో ఉదయము, సాయంత్రము వ్రాసిన అంకెలన్నియు చక్కగా నున్నవి. కాని లాగరులను విప్పి చూడగా రెండు సంగతులు బయటపడినవి. ఫ్యాను యెదుటి పై అరలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 0.7 డిగ్రీలకు దిగినది. తలుపు దగ్గరి పై అరలో, పంపిణీ జరుగు ఉదయపు వేళ, 9.1 డిగ్రీలకు ఎక్కినది. ఈ రెండు అంకెల సరాసరి చూడుడు. అది సరిగా 4.2 డిగ్రీలు. ఒక మూల టీకా గడ్డకట్టు స్థితికి వచ్చుచుండగా, మరియొక మూల వేడెక్కుచుండగా, సరాసరి మాత్రము అంతయు క్షేమమని చెప్పుచున్నది. కావున శీతలాగారమును సరాసరితో తీర్పుచేయరాదు. మిక్కిలి చల్లని చోటు, మిక్కిలి వేడియైన చోటు ఏవో కనుగొని, ఆ రెండును హద్దులలో నున్నప్పుడే గది నెగ్గినట్లు.

ఇట్టి ఫలితము వచ్చినపుడు చేయదగిన పనులు కలవు. ఫ్యాను గాలి నేరుగా పెట్టెలపై పడకుండ అడ్డుపలక అమర్చవచ్చును. తలుపునకు లోపల ప్లాస్టిక్ పట్టీల తెర వ్రేలాడదీయవచ్చును. పెట్టెలకును గోడలకును నడుమ గాలి తిరుగుటకు ఖాళీ విడువవలెను. బాగుపడని అరలపై ఎఱ్ఱగీత గీసి, "ఇచ్చట మందులుంచరాదు" అని వ్రాయవలెను. నిత్యము చూచు థర్మామీటరులను సౌకర్యముగా నున్న చోట గాక, చిత్రణములో తేలిన వేడి చోటను, చలి చోటను స్థిరముగా అమర్చవలెను. ఇవన్నియు చేసిన పిదప చిత్రణమును మరల జరుపవలెను. మరమ్మతు చేసితిమి గనుక బాగుపడియుండునని అనుకొని విడుచుట పునఃపరీక్ష కాదు.

కరెంటు పోయినపుడు

పునఃపరీక్షలో రెండు చిన్న ప్రయోగములు తప్పక జరుపవలెను. మొదటిది, యంత్రమునకు విద్యుత్తును బుద్ధిపూర్వకముగా ఆపి, తలుపు మూసియుంచి, గదిలోని వేడిచోటు 8 డిగ్రీలను ఎంతసేపటికి దాటునో కొలుచుట. రెండవది, తలుపు తెరచియుంచి అదే విధముగా కొలుచుట. ఈ రెండు అంకెలను పెద్ద అక్షరములతో వ్రాసి తలుపునకు అంటింపవలెను. కరెంటు పోయిన రాత్రి కావలియున్న ఉద్యోగికి ఈ చీటియే దిక్కు. తనకెంత వ్యవధి యున్నదో, ఎప్పటిలోగా మందులను వేరు చోటికి తరలింపవలెనో అతడు ఊహింపనక్కరలేదు, చదువుకొనిన చాలును.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో వాడు ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరులో గోడల చుట్టును మంచుపొర యుండుటచే కరెంటు లేకున్నను కొన్ని గంటలు చల్లదనము నిలుచును. అయినను ఎన్ని గంటలన్నది ఆ పెట్టె వయస్సును, మూత బిగువును, బయటి వేడిమిని బట్టి మారును. కంపెనీ పుస్తకములో వ్రాసిన అంకె క్రొత్త పెట్టెకు చెందినది. పదేండ్ల పెట్టె సామర్థ్యమును పరీక్షించి తెలిసికొనవలసినదే.

పరీక్ష వేళ మందులు, లోపము కనబడిన మందులు

ముఖ్యభాగము మార్చిన గదిలో పరీక్ష ముగియువరకు మందులుంచరాదు. వానిని అర్హమైన వేరు గదికి తరలించి, బదులుగా నీటిసీసాల పెట్టెలను పేర్చి భారపరీక్ష జరుపవచ్చును. గడువును బట్టి జరుపు పునఃపరీక్షలో మాత్రము, గది సక్రమముగా నడుచుచున్నచో, ఉన్న సరకుతోనే చిత్రణము జరుపవచ్చును.

హద్దు దాటిన అరలో మందులున్నట్లు తేలినచో వెంటనే వానిని వేరుచేసి, "తీర్పు వచ్చువరకు వాడరాదు" అని చీటి కట్టవలెను. పారవేయుటకును, పంపిణీ చేయుటకును తొందరపడరాదు. ఎంత ఉష్ణోగ్రతలో ఎంతసేపున్నవో లెక్కకట్టి, తయారీదారులను, పై అధికారులను సంప్రతింపవలెను. అల్యూమినియము లవణము గల టీకాలు గడ్డకట్టినవను అనుమానమున్నచో, "కుదుపు పరీక్ష" అను సులభమైన పద్ధతి కలదు. అదే రకము, అదే బ్యాచి సీసా నొకదానిని బుద్ధిపూర్వకముగా గడ్డకట్టించి, కరగనిచ్చి, అనుమానపు సీసాతో పాటు కుదిపి, రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపవలెను. గడ్డకట్టిన సీసాలో మడ్డి త్వరగా అడుగునకు దిగును. అనుమానపు సీసా కూడ దానివలెనే దిగినచో దానిని వాడరాదు. ఇతర టీకాలకు ఈ పరీక్ష పనికిరాదు.

టీకా సీసాలపై వృత్తములో చతురస్రము గల గుర్తును మీరు చూచియుందురు. ఇది 1996లో మొదట పోలియో చుక్కల సీసాలపై వచ్చినది. లోపలి చతురస్రము రంగు బయటి వృత్తమువలె ముదిరినచో ఆ మందు వేడిమికి లోనైనదని అర్థము. ఇది మిక్కిలి ఉపయోగకరము. అయినను ఈ గుర్తు వేడిమిని మాత్రమే చూపును, గడ్డకట్టుటను చూపజాలదు. కావున గుర్తు తెల్లగా నున్నదను ధైర్యముతో గదిని పరీక్షింపక యుండరాదు.

యంత్రమును, మనుష్యుడును

మన దేశములో 2015 నుండి ఇ-విన్ అను ఎలక్ట్రానిక్ వ్యవస్థ ద్వారా అనేక గిడ్డంగుల ఉష్ణోగ్రతలు దూరమునుండియే తెలియుచున్నవి. హద్దు దాటగానే సంబంధించిన ఉద్యోగి ఫోనునకు సందేశము వచ్చును. ఇది గొప్ప సదుపాయము. కాని సందేశము పంపునది ఒకటి రెండు చోట్ల నున్న కొలమానము. అది సరియైన చోట నున్నదా, సరిగా కొలుచుచున్నదా యని నిర్ణయించునది చిత్రణమే. ఒకటి మరియొకదానికి బదులు కాజాలదు.

పరీక్ష జరిపినవారు, తేది, లాగరుల సంఖ్యలు, వాని ప్రామాణిక పరీక్షల వివరములు, గది పటము, కొలతలు, కనుగొనిన లోపములు, చేసిన మరమ్మతులు, తీర్పు, తరువాతి గడువు - ఇవన్నియు నివేదికలో వ్రాసి, బాధ్యులు సంతకము చేయవలెను. ఉద్యోగులు బదిలీ యగుదురు. నివేదిక గదితోనే యుండును. క్రొత్తగా వచ్చిన ఫార్మసిస్టు ఆ పటమును చూచి, ఏ అర క్షేమమో, ఏ అర ప్రమాదమో మొదటి దినముననే తెలిసికొనును.

మందుల దుకాణములు, గృహములు

మన దేశములో 1940 నాటి ఔషధ చట్టమును, 1945 నాటి నియమావళిని అనుసరించి, మందులు విక్రయించు దుకాణములలో వాని గుణము చెడకుండ నిలువచేయు వసతి యుండవలెను. దుకాణపు రిఫ్రిజిరేటరు చిన్నదైనను దానికిని ఈ సూత్రములే వర్తించును. నాలుగైదు చోట్ల థర్మామీటరులుంచి రెండు మూడు దినములు పరిశీలించినచో, వెనుక గోడకు ఆనుకొనిన చోట గడ్డకట్టుననియు, తలుపు అరలలో వేడెక్కుననియు సాధారణముగా తేలును. మందులను నడిమి అరలలోనే యుంచవలెను. భోజనపదార్థములను, శీతలపానీయములను వానితో కలిపి యుంచరాదు. మాటిమాటికి తలుపు తెరచుటకు అవే కారణములగును.

పౌరులుగా మీరు చేయదగిన పనులును కలవు. ఇన్సులిన్ వంటి మందు కొనునపుడు అది రిఫ్రిజిరేటరు నుండి తీసి ఇచ్చుచున్నారా యని గమనింపుడు. దుకాణములో థర్మామీటరు ఉన్నదా యని మర్యాదగా అడుగుడు. కొనిన మందును ఎండలో నిలిపిన వాహనములో విడువకుడు. ఇంటిలో దానిని ఫ్రీజరు అరలో గాని, దానికి ఆనించి గాని ఉంచకుడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరగిన తరువాత కూడ వాడదగదు. తెరచిన సీసాను ఎన్నాళ్లు, ఎట్లు వాడవలెనో చీటిపై వ్రాసియుండును. సందేహమున్నచో వైద్యుని అడుగుడు. టీకా కేంద్రములో ఆరోగ్య కార్యకర్త సీసాపై గుర్తును పరిశీలించి, కొంతసేపు మిమ్ము నిలిపినను, చల్లనిపెట్టె మూతను మాటిమాటికి తెరువ నిరాకరించినను విసుగుకొనకుడు. ఆ జాగ్రత్త మీ బిడ్డ కొరకే.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. చెడిన టీకా చూపునకు మంచి టీకావలెనే యుండవచ్చును. నిలువచేయు స్థలమును పరీక్షించుటయే రక్షణ.
2. టీకాలలో పెక్కింటికి 2 నుండి 8 డిగ్రీలు హద్దు. వేడెక్కుట, గడ్డకట్టుట రెండును హానికరములు.
3. గడువు తీరినపుడును, ముఖ్యమైన మార్పు జరిగినపుడును శీతలాగారమును మరల పరీక్షింపవలెను. వేసవికిని, చలికాలమునకును పరీక్ష వేరు.
4. ఒక్క థర్మామీటరు గది అంతటికి సాక్షి కాజాలదు. సరాసరిని నమ్మక, మిక్కిలి వేడి, మిక్కిలి చలి గల చోట్లను కనుగొనవలెను.
5. మరమ్మతు చేసిన తరువాత మరల కొలిచి చూచినగాని పని ముగిసినట్లు కాదు.
6. కరెంటు పోయినపుడు ఎంత వ్యవధి యున్నదో తెలుపు చీటి ప్రతి శీతలాగారపు తలుపుపై నుండవలెను.

టీకా తయారుచేయుటకు శాస్త్రజ్ఞులు సంవత్సరముల తరబడి శ్రమింతురు. దానిని కొనుటకు ప్రజల ధనము వ్యయమగును. దానిని బిడ్డకు వేయించుటకు ఒక తల్లి తన దినకూలిని వదలుకొని, ఎండలో నడచి, వరుసలో నిలుచుండును. అచ్చట ఆమెకు లభించు మందు పూర్ణశక్తితో నుండవలెను. గిడ్డంగిని సకాలమున మరల పరీక్షించు ఉద్యోగిని ఆమె ఎన్నడును చూడకపోవచ్చును. అయినను ఆమె బిడ్డకు కలుగు రక్షణలో అతని పనికిని భాగము కలదు.